ఒక్కో పనికి ఒక్కో జన్యువు ఉంటుందా? తేనెటీగలు, చీమల పని విభజన గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక తేనెపెట్టెలోని కూలి ఈగలన్నీ ఒకే రాణి కూతుళ్లు అయినప్పుడు, ఒకటి పిల్లలను సాకుతూ, ఒకటి వాకిట కాపలా కాస్తూ, మరొకటి మకరందం కోసం తిరుగుతూ ఉండటం ఎలా సాధ్యం? ఏ ఈగ ఏ పని చేయాలో జన్యువులలోనే నిర్ణయమై ఉంటుందా? చీమలలోనూ ఇదే పద్ధతా? రోగం సోకిన పిల్లలను తొలగించే ‘పరిశుభ్రత’ గల ఈగలను ఎంపిక చేసి పెంచుతారని చదివానని, అంటే ఆ పనికి ఒక జన్యువు ఉన్నట్టే కదా అని కూడా అడిగారు. కొలతలు తీసుకోవడానికి ఎన్ని ఈగలకు గుర్తు పెట్టాలన్నది మీ చివరి ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, ఏ పనికీ ప్రత్యేకంగా ఒక జన్యువు లేదు. ఏ వాసనకు, ఏ వేడికి, ఏ ఆకలి సూచనకు ఒక ఈగ ఎంత త్వరగా స్పందిస్తుందో అన్నదానిలో జన్యువులకు పాత్ర ఉంది. అయితే ఈ రోజు అది ఏ పనిలో ఉంటుందన్నది దాని వయసు, తిన్న తిండి, ఒంట్లోని హార్మోన్లు, చుట్టూ ఉన్న తోటి ఈగలు, పెట్టెకు అప్పటికి ఉన్న అవసరం కలిసి తేలుస్తాయి. తేనెటీగలలో రాణికి, కూలికి మధ్య తేడా కూడా తిండి వల్ల వచ్చేదే. చీమలలో మాత్రం కొన్ని ముఖ్యమైన మినహాయింపులున్నాయి. వాటిని తర్వాత చెబుతాను.

గాజు గోడల పెట్టెల ముందు కూర్చుని ఈగలకు రంగు చుక్కలు పెట్టి లెక్కించడమే నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి, వయసుతో మొదలుపెడతాను.

గది మూతను కొరుక్కుని అప్పుడే బయటికి వచ్చిన ఈగ బూడిద రంగు నూగుతో, మెత్తటి ఒంటితో ఉంటుంది. ఆ మొదటి గంటలలో అది కుట్టలేదు కూడా, అందుకే వేళ్లతో పట్టుకుని వీపు మీద చుక్క పెట్టడానికి అదే అనువైన సమయం. మొదటి రెండు మూడు రోజులు అది ఖాళీ గదులలో తల దూర్చి శుభ్రం చేస్తుంది. తర్వాత తలలోని గ్రంథులు పెరిగి పిల్లలకు పెట్టే ఆహారం ఊరుతుంది, సుమారు పన్నెండు రోజుల వయసు దాకా అది దాది. ఆపైన పొట్ట అడుగున మైనం గ్రంథులు పనిచేస్తాయి. అప్పుడు తేనెపట్టు కట్టడం, బయటి నుంచి వచ్చిన మకరందాన్ని అందుకుని నిల్వ చేయడం దాని వంతు. కొన్ని ఈగలు కొద్ది రోజులు వాకిట కాపలా కాస్తాయి. ఇంచుమించు మూడు వారాలు నిండాక మేతకు బయలుదేరుతాయి. వేసవిలో కూలి ఈగ మొత్తం ఆయుష్షే ఐదారు వారాలు.

ఇది చదివితే వయసు ఒక గడియారమనీ, జన్యువులు ఆ గడియారాన్ని తిప్పుతున్నాయనీ అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని పోగొట్టిన ప్రయోగం చాలా సులువైనది, ఈ రంగంలో పనిచేసేవారు తరచుగా చేసేది: ఒకే రోజు పుట్టిన వెయ్యికి పైగా ఈగలను ఒక రాణితో కలిపి కొత్త పెట్టెలో ఉంచడం. వాటిలో పెద్దది ఒక్కటీ ఉండదు. గడియారమే నిజమైతే మూడు వారాల దాకా మేతకు వెళ్లేవారు లేక ఆ పెట్టె ఆకలితో చావాలి. నేను అలాంటి పెట్టెను మొదటిసారి పెట్టినప్పుడు ఎనిమిదో రోజు ఉదయం ఒక పసుపు చుక్క ఈగ బయటి నుంచి వచ్చి, వాకిటి పలకను అందుకోలేక గడ్డిలో పడి, మళ్లీ లేచి నడిచి లోపలికి వెళ్లింది. ఒంటి మీద నూగు ఇంకా రాలలేదు, వెనక కాళ్లకు మాత్రం పుప్పొడి ముద్దలు ఉన్నాయి. అదే రోజు పుట్టిన దాని అక్కాచెల్లెళ్లు చాలావరకు లోపల మామూలుగా పిల్లలకు మేపుతున్నాయి.

దీనికి తిరుగు ప్రయోగం కూడా ఉంది. దాదులన్నిటినీ తీసివేసి మేతకు తిరిగే ముసలి ఈగలను మాత్రమే మిగిలిస్తే, వాటిలో కొన్ని మళ్లీ దాదులుగా మారతాయి, ఎండిపోయిన తలలోని గ్రంథులు మళ్లీ ఊరుతాయి. కాబట్టి వయసు ఒక మొగ్గును సూచిస్తుందే తప్ప హద్దు గీయదు.

మరి పెద్ద ఈగలు లేవన్న సంగతి ఆ పిల్ల ఈగకు ఎలా తెలుస్తుంది? మేతకు వెళ్లి వచ్చే ఈగల ఒంట్లో ఇథైల్ ఓలియేట్ అనే పదార్థం తయారవుతుంది. ఆహారం ఒకరి నోటి నుంచి ఒకరికి అందుతున్నప్పుడు అదీ చిన్న ఈగలకు చేరి, వాటి ఎదుగుదలను కొంత వెనక్కి పట్టి ఉంచుతుంది. పెద్దలు తగ్గితే ఆ పట్టు సడలుతుంది. లోపల దీనికి రెండు పదార్థాలు ఎదురెదురుగా పనిచేస్తాయి. దాది ఒంట్లో విటెల్లోజెనిన్ అనే ప్రోటీను ఎక్కువగా, జువెనైల్ హార్మోను తక్కువగా ఉంటాయి. మేతకు వెళ్లే ఈగలో ఇది తలకిందులవుతుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. విటెల్లోజెనిన్ జన్యువును తాత్కాలికంగా అణచివేసిన 2007 నాటి ప్రయోగంలో ఆ ఈగలు ముందుగానే మేతకు బయలుదేరాయి, పుప్పొడి కన్నా మకరందం వైపే మొగ్గాయి, త్వరగా చనిపోయాయి. గుడ్డులో పచ్చసొనకు ముడిసరుకుగా మనకు తెలిసిన ప్రోటీను గుడ్లే పెట్టని కూలి ఈగలో ఇన్ని పనులు చేస్తుందని ఎవరూ ముందుగా ఊహించలేదు. ఒక జాగ్రత్త: జువెనైల్ హార్మోనును చేసే గ్రంథిని తొలగించినా ఈగలు మేతకు వెళ్తాయి, కాకపోతే ఆలస్యంగా. అంటే ఆ హార్మోను వేగాన్ని మారుస్తుంది, దారిని కాదు.

ఇప్పుడు జన్యువుల విషయానికి వస్తే, మీరు చదివిన చోట బహుశా ‘ఫరేజింగ్’ అనే జన్యువు పేరు వచ్చి ఉంటుంది. ఇది మొదట పండ్ల ఈగలో దొరికింది. అక్కడ దీనికి రెండు రూపాలున్నాయి: ఒక రూపం ఉన్న ఈగ తిండి దొరికిన చోటనే ఉండిపోతుంది, రెండో రూపం ఉన్నది ఎక్కువ దూరం తిరుగుతుంది. తేనెటీగలో ఇదే జన్యువును 2002లో పరిశీలించినప్పుడు మేతకు వెళ్లే ఈగల మెదడులో దాని పని దాదులకంటే ఎక్కువగా ఉందని తేలింది. దాని ఎంజైమును ప్రేరేపించే పదార్థాన్ని తినిపిస్తే ఈగలు ముందుగానే బయటికి వెళ్లాయి. ఈ రెండు ఉదాహరణల మధ్య తేడాను చాలామంది గమనించరు. పండ్ల ఈగలో ఇద్దరి దగ్గర ఉన్న జన్యువు రూపమే వేరు. తేనెటీగలో దాదికీ, మేతకు వెళ్లేదానికీ అదే జన్యువు, అదే రూపం. వయసుతో అది పనిచేసే మోతాదు మారుతుంది. పోగోనోమిర్మెక్స్ అనే గింజలు ఏరుకునే ఎర్ర చీమలో ఇదే జన్యువును చూస్తే లెక్క తిరగబడింది: మేతకు వెళ్లే చీమలలోనే దాని పని తక్కువ. ఒకే జన్యువు ఒక జాతిలో పెరిగి, మరో జాతిలో తగ్గి, ఒకే పనితో ముడిపడితే దానికి ‘మేత జన్యువు’ అని పేరు పెట్టడం సరికాదు. అది ఒక మీట లాంటిది, ఏ జాతి దాన్ని ఎటు తిప్పుకుందో విడిగా చూడాలి.

2003లో 60 ఈగల మెదళ్లను ఒక్కొక్కటిగా తీసుకుని సుమారు 5,500 జన్యువుల పనిని కొలిచారు. దాదులకూ, మేతకు వెళ్లేవాటికీ మధ్య 39 శాతం జన్యువులలో తేడా కనిపించింది. ఆ కొలతలను బట్టి 60లో 57 ఈగల పనిని సరిగ్గా చెప్పగలిగారు. ఈ లెక్కను చూసి జన్యువులే పనిని నిర్ణయిస్తాయనేవారు ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఎండలో రోజంతా ఎగిరే ఈగ మెదడు, చీకట్లో పిల్లలను సాకే ఈగ మెదడు ఒకేలా ఉంటేనే ఆశ్చర్యపడాలి. ఆ తేడాలలో ఎన్ని పనికి కారణాలో, ఎన్ని పని వల్ల వచ్చినవో ఆ కొలత ఒక్కటే చెప్పదు. దాదుల, మేత ఈగల మెదడులో డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు (జన్యువుల పనిని మార్చగల చిన్న రసాయన ముద్రలు) వేరుగా ఉన్నాయని, మేత ఈగలను తిరిగి దాదులుగా మార్చినప్పుడు వాటిలో చాలా గుర్తులు కూడా వెనక్కి మారాయని 2012లో తేలింది. రాత అదే, చదివే పుట మారిందన్నమాట.

మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ అవసరం. అవన్నీ ఒకే తల్లి పిల్లలే, కానీ ఒకే తండ్రి పిల్లలు కావు. రాణి తన జీవితం మొదట్లోనే సాధారణంగా పది నుంచి ఇరవై పోతుటీగలతో కలిసి, ఆ వీర్యాన్ని జీవితాంతం దాచుకుని వాడుతుంది. పోతుటీగ ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుట్టింది కాబట్టి దాని వీర్యకణాలన్నీ ఒకేలా ఉంటాయి. అందువల్ల ఒకే తండ్రి కూతుళ్ల మధ్య జన్యువులలో సగటున నాలుగింట మూడు వంతులు ఒకటే; వేరు తండ్రుల కూతుళ్ల మధ్య నాలుగో వంతు మాత్రమే. కాపలా కాసే ఈగలు, చనిపోయిన వాటిని బయటికి ఈడ్చే ఈగలు కొందరు తండ్రుల సంతానం నుంచి ఎక్కువగా వస్తున్నాయని 1988లోనే చూపించారు. జన్యువుల పాత్ర నిస్సందేహంగా కనిపించేది ఇక్కడే.

అయితే ఆ పాత్ర ఎలాంటిదో వేడి విషయంలో బాగా తెలుస్తుంది. పిల్లలున్న భాగాన్ని ఈగలు 32 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలుపుతాయి; వేడి పెరిగితే వాకిట నిలబడి రెక్కలతో విసురుతాయి. అన్నీ సరిగ్గా ఒకే వేడి దగ్గర విసరడం మొదలుపెట్టి ఒకే వేడి దగ్గర ఆపితే ఏమవుతుంది? పెట్టె ఒకసారి అతిగా చల్లబడుతుంది, మరోసారి అతిగా వేడెక్కుతుంది. తండ్రులు వేరైన ఈగలు వేర్వేరు వేడి దగ్గర మొదలుపెడతాయి కాబట్టి విసిరేవారి సంఖ్య మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. చాలామంది తండ్రులున్న కాలనీలలో పిల్లల గదుల వేడి నిలకడగా ఉందని, ఒకే తండ్రి ఉన్న కాలనీలలో ఎక్కువ ఊగిసలాడిందని 2004లో కొలిచి చూపించారు. కృత్రిమంగా ఒకే పోతుటీగ వీర్యం ఎక్కించిన రాణి పెట్టె ఒకటి నా దగ్గర ఉండేది. మధ్యాహ్నం దాని వాకిట ఒక క్షణం ఎవరూ ఉండరు, కాసేపటికి వాకిలి నిండా రెక్కలే. పక్క పెట్టె దగ్గర ఎప్పుడు చూసినా నాలుగైదు ఈగలు నింపాదిగా విసురుతూ ఉండేవి.

దీనినే మేము ‘స్పందన పరిమితి’ అంటాము. ఎవరి పరిమితి తక్కువో వారు ముందుగా పనిలో దిగుతారు. వారు దిగాక అవసరం తగ్గుతుంది కాబట్టి పరిమితి ఎక్కువ ఉన్నవారికి ఆ పని వంతు రాకుండానే పోతుంది. ముందుగా దిగేవారిని తీసివేస్తే ఇన్నాళ్లూ ‘బద్ధకస్తులు’గా కనిపించినవారే ఆ పని చేస్తారు. జన్యువులు ఒకటే అయినా చిన్న చిన్న తేడాలు ఇదే ఫలితాన్నివ్వగలవు: తమ ప్రతిరూపాలనే కనే ఊసిరియా బిరోయ్ అనే చీమలలో, జన్యుపరంగా దాదాపు ఒకేలా ఉండి ఒకే వయసున్న చీమలను చిన్న గుంపులుగా పెంచినా, సంఖ్య పెరిగేకొద్దీ పని విభజన స్పష్టపడిందని 2018లో ప్రచురించారు.

ఇక మీరు అడిగిన పరిశుభ్రత సంగతి. ఇది చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. 1964లో రోథెన్‌బ్యూలర్ అనే శాస్త్రవేత్త, రోగంతో చచ్చిన పిల్లల గదుల మూత తీసి వాటిని పారేసే ఈగల జాతిని, అలా చేయని జాతితో కలిపి, ఆ సంతానాన్ని మళ్లీ శుభ్రం చేసే జాతితో కలిపాడు. వచ్చిన 29 కాలనీలలో 6 మూత తీసి పిల్లను పారేశాయి. 9 మూత తీశాయి కానీ పారేయలేదు. 14 మూతే తీయలేదు. ఆ 14 కాలనీలలో ఆయనే స్వయంగా మూతలు తీసి చూస్తే 6 కాలనీలు పిల్లలను తొలగించాయి. ఇంచుమించు నాలుగు సమాన భాగాలు. మూత తీయడానికి ఒక జన్యువు, పారేయడానికి ఒక జన్యువు అన్న వివరణ అంత అందంగా కుదిరింది కాబట్టి పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు అదే చెప్పాయి. తర్వాతి పరిశోధనలు క్రోమోజోములలో చాలా చోట్ల దీనికి సంబంధం ఉందని చూపాయి. ఆ ఈగలలో ఉన్న ముఖ్యమైన తేడా కూడా రోగపు పిల్ల వాసనను మీసాలతో పసిగట్టడంలో ఉన్న చురుకుదనమే.

ఈ పరీక్షను నేను తరచుగా చేస్తాను: మూసిన పిల్ల గదులున్న చిన్న ముక్కను ద్రవ నత్రజనితో గడ్డకట్టించి చంపి, మళ్లీ పెట్టెలో పెట్టి, మర్నాడు ఎన్ని గదులు ఖాళీ అయ్యాయో లెక్కించడం. గాజు వెనక నుంచి దగ్గరగా చూస్తే ఒక ఈగ మూత మీద మీసాలు ఆడించి, సూది మొనంత రంధ్రం చేసి వెళ్లిపోతుంది. ఇంకొకటి వచ్చి ఆ రంధ్రంలో మీసం పెట్టి, అంచు కొరికి పెద్దది చేస్తుంది. మూడోది పిల్లను ముక్కలుగా లాగుతుంది. ఒక్కోసారి మధ్యలో వేరొక ఈగ వచ్చి ఆ రంధ్రాన్ని మైనంతో తిరిగి మూసేస్తుంది! ఒకే గది మీద రెండు పరిమితులు పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఈ లక్షణాన్ని ఎంపిక చేసి పెంచవచ్చు, కానీ ఒక జన్యువు ఉండటం వల్ల కాదు. చాలా జన్యువులు తలా కొంత కలిపినా ఎంపిక పనిచేస్తుంది, పొడవును ఎంపిక చేసినట్టే. కాకపోతే కొత్త రాణి బయట ఎవరెవరితో కలుస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి, ఒకటి రెండు తరాలు వదిలేస్తే ఆ లక్షణం పలచబడుతుంది.

రాణి గురించి కొద్దిగానే చెబుతాను. ఏ ఆడ లార్వా అయినా మొదటి మూడు రోజులలో రాణి కాగలదు. దాదులు ఊర్చే రాయల్ జెల్లీ అనే ఆహారం సమృద్ధిగా అందితే, గుడ్డు పెట్టిన నాటి నుంచి 16వ రోజున రాణి, లేకపోతే 21వ రోజున కూలి ఈగ బయటికి వస్తుంది. 2008లో లార్వాలలో మిథైల్ గుర్తులు వేసే ఒక ఎంజైమును అణచివేస్తే, రాయల్ జెల్లీ విందు లేకుండానే చాలావరకు రాణి లాంటి అండాశయాలతో పెరిగాయి. రాయల్ జెల్లీలోని ఒకే ఒక ప్రోటీను రాణిని చేస్తుందన్న 2011 నాటి వాదన ఇప్పటికీ ప్రచారంలో ఉంది, తర్వాతి పరిశోధకులకు అది నిలబడలేదు. నేనైతే దాన్ని నమ్మను. ఎంత తిండి, ఏ వయసులో అన్నవే ముఖ్యం. నా తొలి ఏడాది తొందరలో రెండు రోజులు దాటిన లార్వాలను రాణి గదులలోకి మార్చాను. వచ్చిన రాణులు చిన్నవిగా, సగం కూలి ఈగల పోలికతో ఉండి, గుడ్లు అంతంతమాత్రంగా పెట్టాయి. అప్పటి నుంచి ఒక్క రోజు కూడా నిండని, కామా గుర్తంత లార్వాలనే తీసుకుంటాను.

జన్యువే నిజంగా నిర్ణయించే మినహాయింపులు చీమలలో ఉన్నాయి. ఎర్ర నిప్పు చీమలో ఒక పుట్టలో ఒకే రాణి ఉండాలా, చాలామంది ఉండాలా అన్నది 600కు పైగా జన్యువులు విడిపోకుండా కలిసి వారసత్వంగా వచ్చే ఒక క్రోమోజోము ముక్క ఏ రూపంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇది 2013లో స్పష్టమైంది. చాలామంది రాణులున్న పుట్టలో, ఆ పుట్టకు తగిన రూపం లేని రాణి గుడ్లు పెట్టబోతే కూలి చీమలే చంపేస్తాయి. పోగోనోమిర్మెక్స్ చీమల కొన్ని వంశాలలో తల్లీ తండ్రీ ఒకే వంశమైతే కూతురు రాణి, వేరు వంశాలైతే కూలి. అక్కడ తిండిది చిన్న పాత్రే. చెదలు వేరే కథ: వాటికి రాణితోపాటు రాజూ ఉంటాడు, మగవీ ఆడవీ రెండూ పనిచేస్తాయి, తేనెటీగల మూడు వంతుల లెక్క వాటికి వర్తించదు. ఒకదాని గురించి చదివినది మరోదానికి అతికించవద్దు.

చివరగా, ఎన్ని ఈగలకు గుర్తు పెట్టాలన్న దానికి: ఒకే రోజు పుట్టిన 100 ఈగలతో మొదలుపెట్టండి, చాలా పోతాయి. ఒక్కో పుట్టినరోజుకు ఒక్కో రంగు వాడండి, తలకు రంగు తగలనివ్వకండి. రోజూ ఒకే వేళకు పావుగంట చూసి, ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్నది రాయండి. ఏమీ చేయకుండా నిలబడి ఉంటే అదీ రాయండి, ఎందుకంటే మీ పట్టికలో ఎక్కువ గళ్లు వాటితోనే నిండుతాయి. ఒకే ఈగ ఉదయం పిల్లకు మేపుతూ, సాయంత్రం వాకిట కనిపిస్తే పొరపాటనుకుని కొట్టివేయకండి, రెండూ ఉంచండి.